ఆకుపచ్చ గుర్తు ఉన్న మందు నీళ్లకి కూడా మంచిదేనా? 48 గంటల పరీక్ష కథ

ఈ రోజు ఎపిసోడ్ మన ఇళ్లల్లో పశువుల కొట్టంలోనో, మెట్ల కిందో ఓ మూల పడి ఉండే పురుగుమందు డబ్బా గురించి. దర్శి, తాళ్లూరు, ముండ్లమూరు, కురిచేడు, దొనకొండ... ఈ చుట్టుపక్కల పత్తి, మిరప వేసే ఏ ఇంట్లో చూసినా నాలుగైదు రకాల డబ్బాలు కనపడతాయి. ఒకదాని లేబుల్ చూడండి. మూత తీయొద్దు, ఊరికే చూడండి చాలు. డైమండ్ ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగానికి రంగు వేసి ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఈ నాలుగింట్లో ఏదో ఒకటి.

మందుల కొట్లో ఈ రంగు గురించి ఎక్కువగా వినపడే మాట ఏంటి? "ఇది గ్రీన్ లేబుల్ అండీ, ఏం కాదు." ఆ మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం గురించే ఈ రోజు మాట్లాడుకుందాం.

ముందు ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో ఉంది ఈ లెక్క. ప్రయోగశాలలో ఎలుకలకి మందు ఇస్తారు. సగం ఎలుకలు చనిపోవడానికి వాటి శరీర బరువులో కిలోకి ఎన్ని మిల్లీగ్రాముల మందు పట్టిందో చూస్తారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఆ అంకె 50 లోపు ఉంటే ఎరుపు. 51 నుంచి 500 దాకా పసుపు. 501 నుంచి 5000 దాకా నీలం. 5000 దాటితే ఆకుపచ్చ. చర్మానికి తగిలితే ఏమవుతుందో కూడా చూస్తారు, దానికి వేరే అంకెలు ఉన్నాయి.

అంటే ఆ రంగు జవాబు చెప్పే ప్రశ్న ఒక్కటే: ఇది మనలాంటి జంతువు ఒంట్లోకి పోతే వెంటనే ఎంత ప్రమాదం? మందు కొట్టే మనిషికి ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం, అందుకే ఆ గుర్తుని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ కాలువ సంగతి ఆ గుర్తు చెప్పదు. ఎలుక కాలువలో బతకదు కదా.

ఇప్పుడు మన కాలువ సంగతి. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్లు దర్శి బ్రాంచి కాలువలోకి వస్తాయి. అక్కడి నుంచి మేజర్లు, మైనర్లు, చివరికి పొలం గట్టు పక్కన పారే పిల్లకాలువ. ఈ సాగర్ నీళ్లే మన జిల్లాలో సమ్మర్ స్టోరేజీ ట్యాంకులకి ఎక్కిస్తారు, ఎండాకాలం తాగడానికి. ఇక్కడ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ బాధ ఎంతుందో తెలిసిందే, కాబట్టి ఈ కాలువ నీళ్ల మీద ఆధారపడ్డ ఊళ్లు చాలానే. అదే కాలువ గట్టున డ్రమ్ము పెట్టి, బకెట్‌తో నీళ్లు ముంచి, మందు కలుపుతాం. పని అయ్యాక తైవాన్ స్ప్రేయర్ కడిగేది ఎక్కడ? నేను చెప్పక్కర్లేదు.

సరే, మందు నీళ్లలో కలిస్తే అందులో బతికే పురుగూ పుట్రా ఏమవుతాయో ఎలా తెలుసుకోవాలి? దానికి ప్రపంచమంతా వాడే ఒక పరీక్ష ఉంది. ఓఈసీడీ అనే దేశాల కూటమి దాన్ని 202వ నంబరు పరీక్షగా 1984లో ప్రకటించింది, 2004లో సవరించింది. అందులో వాడే జీవి పేరు డాఫ్నియా. తెలుగులో కొందరు నీటి ఈగ అంటారు గానీ అది ఈగ కాదు. రొయ్యకి, పీతకి దూరపు చుట్టం. పెద్దదైనా కొన్ని మిల్లీమీటర్లే. ఒళ్లంతా అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే లోపల గుండె టకటకా కొట్టుకోవడం కనపడుతుంది. అంత చిన్న జీవి గుండె చూసిన వాళ్లెవరూ దాన్ని ఊరికే పురుగు అనలేరు, అది వేరే సంగతి. మన చెరువుల్లో, వరి మడుల్లో కూడా దీని జాతివి ఉంటాయి. చేప పిల్లలు పెంచేవాళ్లకి మొయినా పేరు తెలిసే ఉంటుంది. అది దీనికి దగ్గరి బంధువే.

డాఫ్నియానే ఎందుకు? ఒకటి, నీళ్లలో పచ్చగా ఉండే నాచు కణాల్ని వడకట్టి తింటుంది, దాన్ని చేప పిల్లలు తింటాయి. మధ్యలో ఈ మెట్టు ఊడితే కింద నాచు పెరిగిపోతుంది, పైన చేపకి తిండి ఉండదు. ఇంకొకటి ల్యాబ్ సౌకర్యం. వాతావరణం బాగున్నంత కాలం ఆడ డాఫ్నియా మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలన్నీ ఆడవే, తల్లికి నకళ్లు. పరీక్షలో అన్నీ ఒకే రకం జీవులు ఉంటే తేడా మందు వల్ల వచ్చిందా, జీవి వల్ల వచ్చిందా అనే గొడవ తగ్గుతుంది.

పరీక్ష ఎలా చేస్తారో కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే అసలు విషయం ఇందులోనే ఉంది.

పుట్టి 24 గంటలు దాటని పిల్లల్ని తీసుకుంటారు. అదీ తల్లి మొదటి కాన్పు పిల్లలు పనికిరావు. మందుని కనీసం ఐదు మోతాదుల్లో కలుపుతారు. ఒక్కో మోతాదు ముందు దానికి ఇన్ని రెట్లు అన్నట్టు పెరుగుతూ పోవాలి, ఆ రెట్లు 2.2 దాటకపోతే మంచిది. ప్రతి మోతాదుకి కనీసం 20 పిల్లలు, గాజు పాత్రకి ఐదు చొప్పున నాలుగు పాత్రలు. ఒక్కో పిల్లకి కనీసం 2 మిల్లీలీటర్ల నీళ్లు. మందు కలపని నీళ్లలో ఇంకో 20 పిల్లలు, వాటిని కంట్రోల్ అంటారు. నీళ్లు 18 నుంచి 22 డిగ్రీల మధ్య, పరీక్ష మొత్తం మీద ఒక డిగ్రీకి మించి అటూ ఇటూ కాకూడదు. తిండి పెట్టరు. గాలి బుడగలు వదలరు. 48 గంటలు, అంతే.

24 గంటలకి ఒకసారి, 48 గంటలకి ఒకసారి లెక్క పెడతారు. ఏం లెక్క పెడతారు? చనిపోయినవి అనుకుంటాం కదా. కాదు. పాత్రని మెల్లగా కదిపి 15 సెకన్లు చూస్తారు. ఆ 15 సెకన్లలో ఈదలేకపోయిన పిల్లని 'కదలిక ఆగింది' అని రాసుకుంటారు. దాని మీసాలు ఇంకా ఆడుతున్నా సరే, ఈదలేకపోతే లెక్కలోకి వస్తుంది. ఇంత చిన్న జీవి ఏ క్షణంలో చనిపోయిందో తేల్చడం కష్టం. పైగా చెరువులో ఈదలేని డాఫ్నియా తిండి తెచ్చుకోలేదు, చేప నుంచి తప్పించుకోలేదు. బతికున్నా లేనట్టే.

ఇలాంటి పరీక్షలు చేసే చోట నేను కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ అందరికన్నా ముందు చూసేది కంట్రోల్ పాత్రల్ని. మందు లేని నీళ్లలోనే పది శాతానికి మించి కదలిక ఆగితే, అంటే 20లో మూడు పడిపోయినా, పరీక్ష మొత్తం చెత్తబుట్టలోకే. రెండు రోజుల పని పోతుంది. నీళ్లలో ఆక్సిజన్ లీటరుకి 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గినా అంతే. ఇంకో తనిఖీ కూడా ఉంది. పొటాషియం డైక్రోమేట్ అనే నారింజ రంగు రసాయనం ఇచ్చి, 24 గంటల్లో సగం పిల్లల్ని ఆపే మోతాదు లీటరుకి 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య వస్తుందో లేదో చూస్తారు. రాకపోతే ఆ ల్యాబ్‌లోని డాఫ్నియాల ఆరోగ్యమో, పనితీరో ఏదో తేడాగా ఉన్నట్టు. కిరాణా కొట్టు కాటాని తూనికల శాఖ వాళ్లు రాయి పెట్టి చూసినట్టు అనుకోండి.

ఇప్పుడు లెక్క. మందు వద్దు, ఉప్పుతో చెప్తాను. ఈ అంకెలు వివరించడం కోసం నేను వేసుకున్నవి. లీటరు నీళ్లకి 1, 2, 4, 8, 16 గ్రాముల ఉప్పు. ఒక్కోదాంట్లో 20 పిల్లలు. 48 గంటల తర్వాత కదలిక ఆగినవి వరసగా 0, 2, 7, 14, 20. నాలుగు గ్రాముల దగ్గర 35 శాతం, ఎనిమిది గ్రాముల దగ్గర 70 శాతం. సగం, అంటే 50 శాతం, ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. మోతాదులు రెట్టింపులుగా పెరుగుతున్నాయి కాబట్టి లాగరిథమ్ స్కేలు మీద గీత గీస్తే సుమారు 5.4 గ్రాముల దగ్గర తగులుతుంది. దాన్నే ఈసీ50 అంటారు. ఇంటర్‌లో లాగ్ టేబుల్ చూసి "ఇది జీవితంలో ఎక్కడ పనికొస్తుంది సార్" అని అడిగిన వాళ్లకి, ఇదిగో ఇక్కడ.

ఈసీ50 అంకె ఎంత చిన్నదైతే మందు అంత ఘాటు. 48 గంటల్లో లీటరుకి ఒక మిల్లీగ్రాము, లేదా అంతకన్నా తక్కువకే సగం జీవుల్ని ఆపేస్తే, ప్రపంచమంతా వాడే వర్గీకరణలో అది మొదటి తరగతి, 'జలచరాలకి అతి విషపూరితం'.

ఇక ఆకుపచ్చ డబ్బా దగ్గరికి వద్దాం. క్లోరాంట్రానిలిప్రోల్ అంటే ఎవరికీ తెలియకపోవచ్చు, కొరాజెన్ అంటే పత్తి రైతు ఇంట్లో పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. ఎలుక లెక్కలో అది 5000 దాటింది, అందుకే ఆకుపచ్చ. చేపల మీద పరీక్షల్లో నీళ్లలో కరిగినంత మేరా కలిపినా చేపలు చావలేదు. మనిషి విషయంలో పాతకాలం మందులతో పోలిస్తే ఇది చాలా నయం, అందులో నాకు అనుమానం లేదు. మరి డాఫ్నియాకి? 48 గంటల ఈసీ50 లీటరుకి సుమారు 12 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములు కాదు, మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము. ఇందాక చెప్పిన మొదటి తరగతి గీత వెయ్యి మైక్రోగ్రాముల దగ్గర ఉంది, ఇది 12 దగ్గర ఉంది. ఒకే మందు. ఎలుక పరీక్షలో అన్నిటికన్నా మంచి తరగతి, నీటి పరీక్షలో అన్నిటికన్నా చెడ్డ తరగతి. ఈ రెంటిలో ఏదీ అబద్ధం కాదు. ప్రశ్నలు వేరు.

పాత మందు క్లోరిపైరిఫాస్ సంగతి ఇంకా ఘోరం. డాఫ్నియాకి ఈసీ50 లీటరుకి ఒక మైక్రోగ్రాము లోపే. 20 శాతం ఈసీ మందు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ స్పూను, స్ప్రేయర్ అడుగున మిగిలిందనుకుందాం. అందులో అసలు విషం సుమారు ఒక గ్రాము. ఒక గ్రాము అంటే పది లక్షల మైక్రోగ్రాములు. లీటరుకి ఒక మైక్రోగ్రాము చొప్పున పంచితే పది లక్షల లీటర్లకి సరిపోతుంది. 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న కుంట నిండా నీళ్లు. ఒక్క టీ స్పూనుకి.

ఇది కాగితం మీద లెక్క. నిజం కుంటలో అంతా సమంగా కలవదు, కొంత బురదకి అంటుకుంటుంది, కొంత ఎండకి, సూక్ష్మజీవులకి విరిగిపోతుంది. కాబట్టి ఒక స్పూను పడగానే కుంటలో అన్నీ చచ్చిపోతాయని నేను అనను. కానీ పిల్లకాలువలో కడిగినప్పుడు ఆ మందు ముందు కలిసేది పది లక్షల లీటర్లలో కాదు, పక్కన ఉన్న కొన్ని వందల లీటర్లలో.

చాలామందికి ఇక్కడే ఇంకో అనుమానం వస్తుంది. నీళ్లు టెస్ట్ చేయించి తాగడానికి పనికొస్తాయని రిపోర్టు వస్తే ఇక భయం లేనట్టేగా? మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500. అందులో క్లోరిపైరిఫాస్‌కి ఇచ్చిన హద్దు లీటరుకి 30 మైక్రోగ్రాములు. మలాథియాన్‌కి 190. ఈ రెండు మందులూ డాఫ్నియాని ఆపేది ఒక మైక్రోగ్రాము అటూ ఇటూగా. అంటే మనం నిశ్చింతగా తాగొచ్చని కాగితం ఇచ్చిన నీళ్లలో డాఫ్నియా రెండు రోజులు కూడా ఈదలేకపోవచ్చు. దీన్ని తిప్పి కూడా అర్థం చేసుకోవాలి: డాఫ్నియా ఆగిపోయిందని ఆ నీళ్లు తాగితే మనిషి పడిపోతాడని కాదు. ఆ ప్రమాణం మన కోసం రాసింది. చెరువు కోసం రాసింది కాదు.

ఇంతవరకు విని డాఫ్నియా పరీక్ష పాస్ అయితే చాలు, మందు మంచిదే అనుకుంటున్నారేమో. అక్కడ ఇమిడాక్లోప్రిడ్ గుర్తు పెట్టుకోవాలి. పత్తిలో పచ్చదోమకి, పేనుబంకకి దశాబ్దాలుగా వాడుతున్న మందు. డాఫ్నియా మాగ్నా మీద దీని 48 గంటల ఈసీ50 లీటరుకి 85 మిల్లీగ్రాములు. అంటే 85 వేల మైక్రోగ్రాములు. చూస్తే "అబ్బో, చాలా నయం" అనిపిస్తుంది. కానీ మే ఫ్లై అనే నీటి పురుగు పిల్లల్లో కొన్ని జాతులు లీటరుకి కొద్ది మైక్రోగ్రాముల దగ్గరే పడిపోతాయి. వేల రెట్లు తేడా. కారణం ఏంటంటే, ఈ మందు పురుగుల నరాల్లో ఒక తాళంలోకి దూరే తాళంచెవి లాంటిది. కీటకాల తాళానికి అది సరిగ్గా పడుతుంది. డాఫ్నియా కీటకం కాదు, రొయ్యల వంశం. దాని తాళం కొంచెం వేరు.

అందుకే 2011లో ఓఈసీడీ 235 అని ఇంకో పరీక్ష వచ్చింది. కైరోనమస్ అనే, కుట్టని దోమ లాంటి ఈగ పిల్లల మీద చేసే 48 గంటల పరీక్ష. చెరువు అడుగున బురదలో ఎర్రగా మెలికలు తిరిగే పురుగులు చూసే ఉంటారు, అవే. దీనికి రివర్స్ కథ ఎండోసల్ఫాన్‌ది. 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా మన పత్తి చేలల్లో అది పారింది. డాఫ్నియా దాన్ని లీటరుకి వంద మైక్రోగ్రాములు దాటినా తట్టుకునేది, చేపలు మాత్రం ఒకటి రెండు మైక్రోగ్రాములకే తేలిపోయేవి. ఒక్క జీవిని అడిగి మొత్తం చెరువు సంగతి తేల్చలేం. నాచు మీద ఒకటి, డాఫ్నియా మీద ఒకటి, చేప మీద ఒకటి, కనీసం మూడూ చూడాలనేది ఇందుకే.

ఇదంతా ల్యాబ్ ముచ్చట, బయట ఎవరికి నష్టం వచ్చింది అంటారా? జపాన్‌లో షింజి అని ఒక సరస్సు ఉంది. చుట్టూ వరి పొలాలు. 1993 నుంచి ఆ పొలాల్లో ఇమిడాక్లోప్రిడ్ తరహా మందులు మొదలయ్యాయి. ఆ తర్వాత సరస్సులో చేపలు తినే సూక్ష్మ జంతువులు సగటున 83 శాతం తగ్గిపోయాయి. స్మెల్ట్ అనే చేప దిగుబడి 240 టన్నుల నుంచి 22 టన్నులకి పడిపోయింది. 2019లో సైన్స్ పత్రికలో జపాన్ శాస్త్రవేత్తలు ఈ లెక్కలు ప్రచురించారు. చేపని మందు చంపలేదు. చేప తినే తిండిని చంపింది. చేపలు పట్టుకుని బతికేవాళ్లకి రెండింటికీ తేడా ఏముంది చెప్పండి.

మన దగ్గర అలాంటి సుదీర్ఘమైన లెక్క పెట్టి ఉంటే బాగుండేది. మందు వాడకంలో మన చరిత్ర చిన్నదేం కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద శనగపచ్చ పురుగు విరుచుకుపడింది. సింథటిక్ పైరెత్రాయిడ్లు మళ్లీ మళ్లీ కొట్టారు. పురుగుకి నిరోధక శక్తి వచ్చేసింది, మందు పని చేయలేదు, పంట పోయింది, అప్పుల్లో కూరుకుపోయిన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మన తాతల తరం ఇళ్లల్లో ఇప్పటికీ ఆ ఏడు గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి ఆ పైరెత్రాయిడ్లు డాఫ్నియాని ఆపేది లీటరుకి ఒక మైక్రోగ్రాము లోపే. తర్వాత 2021-22లో మిరప మీద నల్ల తామర పురుగు. పూతలో దూరి కూర్చునే పురుగు, ఏది కొట్టినా లొంగక రైతులు రెండు మూడు మందులు కలిపి కొట్టారు, వారానికి ఒకటి రెండుసార్లు కొట్టిన వాళ్లున్నారు. ఆ పరిస్థితిలో ఉన్న రైతుని పట్టుకుని కాలువలో డాఫ్నియా గురించి ఆలోచించావా అని అడిగే ధైర్యం నాకు లేదు. అడగాల్సింది అతన్ని ఒక్కడినే కాదు కూడా.

పరీక్షలో లేనివి మన పొలంలో ఉన్నవి ఇంకా కొన్ని ఉన్నాయి. పరీక్ష ఒక్కో మందుకి విడిగా చేస్తారు, మనం కలిపి కొడతాం. పరీక్ష 20 డిగ్రీల నీళ్లలో, దర్శిలో మే నెల ఎండకి పిల్లకాలువ నీళ్లు చెయ్యి పెడితే కాలేలా ఉంటాయి. పరీక్షలో 48 గంటలే, కాలువలోకి మందు సీజన్ పొడుగునా కొంచెం కొంచెంగా వస్తుంది. ఈదుతూనే ఉండి పిల్లల్ని కనడం మానేసిన డాఫ్నియా ఈ పరీక్షకి దొరకదు, దానికి 21 రోజుల పరీక్ష వేరే ఉంది. అన్నీ మనకి వ్యతిరేకంగా ఉంటాయనీ కాదు. మిరప రైతులు వాడే కాపర్ ఆక్సీక్లోరైడ్ తీసుకోండి, రాగి విషం మెత్తటి నీళ్లలో కన్నా కఠినమైన నీళ్లలో తగ్గుతుంది. మన ప్రాంతం నీళ్ల కాఠిన్యం అక్కడ కొంచెం మేలే చేస్తుంది. బట్టలుతికేటప్పుడు సబ్బు నురగ రాక తిట్టుకుంటాం గానీ.

ల్యాబ్‌లో ఇంకో తిప్పలు చెప్పి ముందుకు పోతాను. పైరెత్రాయిడ్లకి నీళ్లంటే పడదు, దేనికి పడితే దానికి అతుక్కుంటాయి. ప్లాస్టిక్ పాత్రలో కలిపితే మందు గోడకి అంటుకుపోయి, నీళ్లలో మనం అనుకున్నంత ఉండదు. అందుకే గాజు పాత్రలు, అందుకే పరీక్ష మొదట్లో, చివర్లో నీళ్లలో మందు నిజంగా ఎంత ఉందో కొలుస్తారు. 20 శాతానికి మించి తేడా వస్తే కలిపిన అంకెతో కాకుండా కొలిచిన అంకెతో లెక్క కట్టాలి. ఇది మన పొలంలో కూడా పనికొచ్చే విషయం. డబ్బా ఒకసారి ఊరికే తొలిపితే మందు పోదు. మూడుసార్లు తొలపమని, ఆ నీళ్లని స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి చేనికి కొట్టేయమని చెప్పేది అందుకే. రైతుకి అది డబ్బు కూడా, కొన్న మందు కాలువ పాలు కాకుండా చేనికే పోతుంది. స్ప్రేయర్ కడిగిన నీళ్లు కూడా కాలువకి దూరంగా చేలోనే పోయాలి. దర్శిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఏ పురుగుకి ఏ మందు, ఎన్నిసార్లు అనేది కొట్టు దగ్గర కాకుండా అక్కడ అడగొచ్చు. ఒక స్ప్రే తగ్గితే ఒక కడుగుడు తగ్గినట్టే.

ఇంటర్, డిగ్రీ సైన్స్ చదివే వాళ్లకి ఒక మాట. ఇందాక చెప్పిన ఉప్పు పరీక్ష మీ కాలేజీ ల్యాబ్‌లో చేయొచ్చు. చెరువు నీళ్లలోనో, చేప పిల్లల హేచరీలోనో మొయినా దొరుకుతుంది. గాజు గ్లాసులు, బోరు నీళ్లు ఒక రోజు నిలబెట్టి, వంటింటి ఉప్పు తూచుకోవడానికి చిన్న కాటా, చూడటానికి భూతద్దం. మొయినా డాఫ్నియా కన్నా చిన్నది, 24 గంటల పిల్లల్ని విడదీయడానికి ఓపిక కావాలి. కంట్రోల్ గ్లాసులు తప్పనిసరి, అవి పడిపోతే సిగ్గుపడకుండా మళ్లీ మొదలుపెట్టండి. పురుగుమందుతో మాత్రం చేయొద్దు. లెక్క నేర్చుకోవడానికి ఉప్పు చాలు.

ఇక ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరూ చేయగలిగిన పని ఒకటుంది. మందు డబ్బా మీద బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో అసలు రసాయనం పేరు ఉంటుంది. ఆ పేరు, దాని పక్కన 'సేఫ్టీ డేటా షీట్' అని కొట్టి వెతకండి. కంపెనీలు పెట్టే ఆ పత్రంలో 16 విభాగాలు ఉంటాయి. నేరుగా 12వ దానికి వెళ్లండి, పర్యావరణ సమాచారం అని ఉంటుంది. అక్కడ డాఫ్నియా, 48 గంటలు, ఈసీ50 అనే వరస కనపడుతుంది. 2వ విభాగంలో హెచ్400 అనే కోడ్ ఉంటే, అది ఇందాక చెప్పిన మొదటి తరగతి అన్నమాట. ఎండిన చెట్టు, తేలిన చేప ఉన్న బొమ్మ కూడా దాని పక్కనే ఉంటుంది.

అంకె చూసేటప్పుడు పక్కన యూనిట్ తప్పకుండా చూడండి. ఒక పత్రంలో మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో మైక్రోగ్రాములు రాస్తారు. 0.012 అని ఒకచోట, 12 అని ఇంకోచోట కనపడితే రెండూ ఒకటే కావచ్చు. డాఫ్నియా వరసతో ఆగకుండా కింద కైరోనమస్ వరస ఉందేమో, చేప వరస ఎంత ఉందో కూడా చూడండి. మీ ఇంట్లో ఈ సీజన్‌లో వాడిన మూడు మందులకి ఇలా చూసి, పక్కన డబ్బా మీది రంగు రాసుకోండి. రెండు వరసలు పక్కపక్కన పెట్టి ఇంట్లో నాన్నకో, బాబాయికో చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో 21 రోజుల పరీక్ష గురించి, ఈదుతూనే పిల్లల్ని కనడం మానేసే డాఫ్నియా గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.